ట్రైల్ కెమెరాకు సోలార్ ప్యానెల్: అపోహలు, వాస్తవాలు

సెంట్రల్ టెక్సస్‌లో లానో దగ్గర ఒక జింకల లీజులో (వేట కోసం అద్దెకిచ్చే భూమి) సెల్యులర్ ట్రైల్ కెమెరాలు, అంటే చెట్టుకు కట్టి ఉండి జంతువు కదలగానే ఫొటో తీసి ఫోన్‌కు పంపేవి, బిగించి చూసుకునే పని నాది. డల్లాస్ వైపు నుంచి వేటకు వచ్చే మనవాళ్లు కూడా ఈ మధ్య పెరిగారు. నవంబర్ మొదటి శనివారం సీజన్ మొదలవుతుంది, డిసెంబర్ వచ్చేసరికి "అన్నా, ప్యానెల్ ఉన్నా కెమెరా ఆగిపోయింది" అని ఫోన్లు మొదలవుతాయి.

అపోహ: ప్యానెల్ ఉంటే బ్యాటరీ గురించి ఆలోచించక్కర్లేదు.

కెమెరాను నడిపేది బ్యాటరీయే. జింకలు, పందులు ఎక్కువగా తిరిగేది పొద్దు వాలాక, తెల్లారేలోపు. చీకట్లో ఫొటో తీయడానికి ఇన్‌ఫ్రారెడ్ లైటు వెలిగేదీ అప్పుడే, ఆ టైములో ప్యానెల్ నుంచి ఏమీ రాదు. ఖర్చైంది పగలు మళ్లీ నింపడం వరకే దాని పని. దాని మీద 3 వాట్లు అని ఉంటే అది 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండ సూటిగా పడినప్పటి లెక్క. మూడు గంటల మంచి ఎండకు 9 వాట్-అవర్లు రావాలి గానీ, చెట్ల మధ్య నేను అందులో సగమే లెక్కేసుకుంటాను. కొనేటప్పుడు వాట్ల కంటే ముందు ప్యానెల్‌లో ఉండే బ్యాటరీ ఎంతో చూడండి, వారం మబ్బు పట్టినా అది తట్టుకోవాలి.

అపోహ: కెమెరా ఉన్న చెట్టుకే ప్యానెల్ కట్టేస్తే సరిపోతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. లెన్సులోకి ఎండ కొట్టకుండా కెమెరాను ఉత్తరం వైపు తిప్పుతాం, ప్యానెల్ మాత్రం దక్షిణం చూడాలి. అందుకే కెమెరా పైనే ప్యానెల్ ఉండే మోడళ్లు చెట్ల కింద సరిగా పనిచేయవు, విడిగా వైరుతో వచ్చేదే తీసుకోండి. సెప్టెంబర్ 22 ప్రాంతంలో ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 59 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, డిసెంబర్ 21 నాటికి 36కి దిగిపోతాడు. ఒకసారి సెప్టెంబర్‌లో నిండా ఎండ పడుతోందని చూసుకుని బిగించాను, డిసెంబర్‌లో దక్షిణాన ఉన్న సెడార్ చెట్టు నీడ సరిగ్గా దాని మీదికే వచ్చింది, సీజన్ మధ్యలో పదకొండు రోజులు ఒక్క ఫొటో లేదు. ప్యానెల్‌లో సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక మూల నీడ పడినా మొత్తం కరెంటు పడిపోతుంది. ఆకులు రాలాక ఎండ వస్తుందిలే అనుకోకండి, మా దగ్గర లైవ్ ఓక్ ఆకులు మార్చుకునేది వసంతంలో, సెడార్ అసలు రాల్చదు. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే సుమారు 10 డిగ్రీలు. దక్షిణ దిక్కున నేల అంచు నుంచి మూడున్నర పిడికిళ్ల ఎత్తులో, అంటే డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు ఉండే చోట, కొమ్మలేవీ అడ్డు లేకపోతే అక్కడ పెట్టండి, వాలు 45 డిగ్రీలు ఉంచండి.

అపోహ: ఫొటోలు ఎక్కువైతేనే చార్జింగ్ అయిపోతుంది.

సిగ్నల్ బలహీనంగా ఉన్న లోయలో పది ఫొటోలు పంపడానికి అయ్యే ఖర్చు, గుట్ట మీద వంద పంపడానికి కాకపోవచ్చు. కెమెరాలో సిగ్నల్ పట్టే మోడెమ్ టవర్ కోసం వెతుక్కుంటూ, వెళ్లని ఫొటోను మళ్లీ మళ్లీ పంపుతూ బ్యాటరీ తినేస్తుంది. యాంటెనా ఎత్తులో పెట్టండి, ప్రతి ఫొటో వెంటనే పంపడం మానేసి రోజుకు రెండుసార్లు పంపేలా మార్చండి. పెద్ద ప్యానెల్ కొనేముందు ఈ రెండూ చేసి చూడండి.

అపోహ: ప్యానెల్ పెడితే కెమెరా లోపలి ఏఏ బ్యాటరీలు కూడా చార్జ్ అవుతాయి.

చాలా మోడళ్లలో అవ్వవు, ఒకసారి వాడి పారేసే లిథియం ఏఏలను చార్జ్ చేయడం ప్రమాదం కూడా. కెమెరా 6 వోల్టులదా 12దా, పిన్నులో ప్లస్ ఎటో చూసుకున్నాకే గుచ్చండి. చలి ప్రాంతాల్లో ఉన్నవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, మామూలు లిథియం-అయాన్ బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే తక్కువలో చార్జ్ చేయకూడదు, ఎండ కాస్తున్నా చార్జ్ ఎక్కకపోతే కారణం అదే కావచ్చు.

వేటకు ఈ కెమెరాలు అన్నిచోట్లా చెల్లుతాయనుకోవడం కూడా తప్పే, అరిజోనాలో 2022 జనవరి 1 నుంచి నిషేధం.

మన ఊళ్ల నుంచి కూడా అడుగుతున్నారు, వేరుశనగ చేలో పందుల మీద కన్నేయడానికి పనికొస్తుందా అని. చూడటానికి పనికొస్తుంది, అనుమతి లేకుండా వేటాడటం మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ప్రకాశం జిల్లాలో డిసెంబర్‌లో కూడా మధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల పైనే ఉంటాడు కాబట్టి నీడ బాధ తక్కువ, ఇబ్బందల్లా ముసురు రోజుల్లోనే, పెద్ద ప్యానెల్‌కు పెట్టే డబ్బులు పెద్ద బ్యాటరీ మీద పెట్టండి.