రీలు మొదటి ముక్కను కత్తిరించకండి: పాత ఫిల్ములపై అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో పాత ఫిల్ము రీళ్లు, క్యాసెట్లు స్కాన్ చేసి ఇస్తుంటాను. ఫలానా పెద్ద దర్శకుడి అరుదైన షూటింగ్ క్లిప్ అంటూ ఏదైనా ఫోన్లలో తిరగడం మొదలైతే చాలు, నాకు ఫోన్లు వస్తాయి. "మా ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఉందండీ, యూట్యూబ్‌లో పెట్టేయొచ్చా?" అని. ఎక్కువగా వినేవి ఇవీ.

అపోహ: రీలు మా అటక మీద ఉంది కాబట్టి హక్కు మాదే.

వాస్తవం: రీలు మీదే, అందులోని బొమ్మ మీద హక్కు వేరు. పూర్వం హాలుకు ప్రింటు వచ్చేది ఆడించుకోవడానికే. తిరిగి వెళ్లకుండా ఉండిపోయిన డబ్బా చేతులు మారి మీ ఇంటికి చేరితే, కాపీరైట్ దాని వెంట రాదు.

అపోహ: తీసింది ఆ దర్శకుడు కాబట్టి ఆయన పిల్లల్ని అడిగితే చాలు.

వాస్తవం: 1957 కాపీరైట్ చట్టం దృష్టిలో సినిమా కర్త నిర్మాత, దర్శకుడు కాదు. డబ్బిచ్చి తీయించుకున్న సినిమా అయితే, వేరే ఒప్పందం లేనంత వరకు తీయించుకున్నవారిదే మొదటి హక్కు. సత్యజిత్ రాయ్ 1971లో తీసిన 'సిక్కిం' డాక్యుమెంటరీనే చూడండి. తీయించింది సిక్కిం రాజు. 1975లో సిక్కిం భారతదేశంలో కలిశాక దానిపై నిషేధం పడింది. అది తొలగింది 2010లో. ఆ ఏడాదే కోల్‌కతా చిత్రోత్సవంలో చూపిస్తే, హక్కు ఒక సిక్కిం ట్రస్టుదంటూ సిక్కిం కోర్టు ఆపమంది. రాయ్ సినిమాకే ఇంత నడిచింది.

అపోహ: అరవై ఏళ్లు దాటాయి, ఇక అందరిదీ.

వాస్తవం: సినిమా మీద కాపీరైట్ ఉండే 60 ఏళ్లు లెక్కపెట్టేది విడుదలైన ఏడాది తర్వాతి జనవరి నుంచి. 1962లో వచ్చిన సినిమాకు 2022తో గడువు ముగిసింది. విడుదలే కాని ముక్కలకు, అంటే కోసేసిన సీన్లకు, షూటింగ్ మధ్యలో తీసిన బిట్లకు ఆ లెక్క మొదలే కాదు. హక్కుదారు అనుమతి లేకుండా ఎవరో నెట్‌లో పెడితే చట్టం దాన్ని విడుదలగా చూడదు. అందులో పాట ఉంటే రాసినవారి, స్వరపరచినవారి హక్కులు మళ్లీ విడి.

అపోహ: ఓనరు దొరకలేదు, 'కర్టసీ' అని వేస్తే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. అలాంటివాటికి కాపీరైట్ చట్టం 31ఏ సెక్షన్ కింద లైసెన్సు కోసం దరఖాస్తు చేసుకునే దారి ఉంది. ముందుగా ఇంగ్లిష్ దినపత్రికలో ప్రకటన ఇవ్వాలి.

అపోహ: తుప్పు డబ్బా, గీతలు పడ్డ మొదటి ముక్క పారేయొచ్చు.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఓనరెవరో చెప్పే ఆధారం సాధారణంగా అక్కడే ఉంటుంది. పాలకొండ వైపు నుంచి ఒకాయన 16 ఎంఎం రీలు తెచ్చారు. శుభ్రంగా ఉండాలని కొత్త ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పాతది తుక్కుకి వేసేశారు. మొదట్లో రెండు మూరలు కత్తిరించేశారు. కంపెనీ పేరు, ల్యాబ్ పేరు, రీలు నంబరు చేత్తో రాసేది ఆ ముక్క మీదే. మూత తీయగానే పుల్లటి వెనిగర్ ఘాటు. ఫిల్ము చెడడం మొదలైందన్నమాట, మన కోస్తా ఉక్కకు ఇంకా త్వరగా చెడుతుంది. అంచును లైటు మీద పెట్టి భూతద్దంతో చూస్తే కొడాక్ పేరు పక్కన ఒక చతురస్రం, ఒక త్రిభుజం కనిపించాయి. ఆ గుర్తులు ఫిల్ము తయారైన ఏడాదిని చెబుతాయి. కానీ ఇరవై ఏళ్లకోసారి మళ్లీ అవే వస్తాయి. ఏ ఇరవయ్యేళ్లవో తేల్చడానికి డబ్బా మీది చీటీ కావాలి.

ఆయన వెంటనే తుక్కు కొట్టుకి పరుగెత్తారు. అప్పటికే లోడు వెళ్లిపోయింది.

మీ దగ్గర రీలుంటే ప్రొజెక్టర్‌కి ఎక్కించి గోడ మీది బొమ్మను ఫోన్‌తో తీయకండి, చెడిన ఫిల్ము తెగిపోతుంది. డబ్బా నాలుగు వైపులా ఫొటో తీసి, చీటీతో సహా అలాగే తీసుకురండి. స్కాన్ అయ్యాక కూడా రీలు దాచాలి. ఇంట్లో వీలుకాకపోతే పుణేలో 1964 నుంచి ఉన్న జాతీయ ఫిల్ము ఆర్కైవ్‌ను అడగొచ్చు, ఉత్తరం రాయడానికి నేను సాయం చేస్తాను.