మధ్యగది సీలింగ్ మీద మరక గురించి

చి. అమ్మలుకీ, చంటిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు వెళ్లి పదిరోజులైంది. ఇక్కడ నేనూ అమ్మమ్మా కులాసా. చివరి రోజు రాత్రి చంటిగాడు "మధ్యగదిలో పడుకోను, సీలింగ్ మీద ఎవరో ఉన్నారు" అని మారాం చేసి అమ్మమ్మ పక్కలో దూరాడు కదా. ఫోన్లో మీరు చూస్తున్న ఆ ఒంటికన్ను కుర్రాడి కార్టూనే కారణమని మీ అమ్మ కేకలేసింది. నేనప్పుడేం మాట్లాడలేదు. మీరెళ్లాక ఆ ఎపిసోడ్లు కూర్చుని చూశాను. ఆ బొమ్మలు గీసినాయన పుస్తకాలు కూడా ఇంగ్లిష్‌లో తెప్పించుకుని చదివాను. ఇప్పుడు చెబుతాను వినండి.

మీ కార్టూన్ 'గెగెగె నో కితారో'ని, అందులో ఆ ఒంటికన్ను కుర్రాడు కితారోని పుట్టించినాయన పేరు మిజుకి షిగేరు. 1922లో పుట్టాడు. జపాన్‌లో సకాయిమినాతో అనే చేపల రేవులో పెరిగాడు. చిన్నప్పుడు షిగేరు అని పలకడం రాక 'గెగెరు' అనేవాడట. దాంతో 'గెగె' ముద్దుపేరైపోయింది. మీ కార్టూన్ పేరులో గెగెలు అక్కణ్ణుంచి వచ్చినవే.

వాళ్లింట్లో పనికి సాయంగా ఒక ముసలావిడ వచ్చేది. అందరూ నోనోన్‌బా అనేవారు. 'బా' అంటే మన అవ్వ లాంటిదే. ఒకరోజు పిల్లాడు సీలింగ్ మీద మరకలేమిటని అడిగితే, రాత్రి అందరూ పడుకున్నాక తెంజోనామె అనే యోకై వచ్చి పొడుగాటి నాలికతో సీలింగ్ నాకుతుందని, ఆ మరకలు దాని పనేనని చెప్పిందావిడ. పిల్లాడు తలెత్తి చూస్తే నిజమే అనిపించిందట. చూశావా చంటీ, నీకంటే ముందే ఇంకొకడు సీలింగ్ చూసి జడుసుకున్నాడు. వాడు పెద్దయ్యాక ఆ జడుపు మీదే బతికాడు.

యోకైని దెయ్యం అనకండి. మనకి దెయ్యం అంటే చచ్చిపోయిన మనిషి. యోకై అలా కాదు. కొండలో ఉంటుంది, ఏట్లో ఉంటుంది, ఏళ్ల తరబడి వాడి పారేసిన గొడుగులో కూడా ఉంటుంది. స్నానాల గది తోమకపోతే ఆ జిడ్డు నాకడానికే వచ్చే యోకై ఒకటుంది. (ఈ ముక్క మీ నాన్నకి చదివి వినిపించండి.) ప్రతిదానికీ ఒక పేరు, ఒక అలవాటు, ఒక పిచ్చి ఉంటాయి.

మిజుకి కుర్రతనంలోనే రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చింది. ఆయన్ని సైన్యంలో వేసి పసిఫిక్ సముద్రంలో రబౌల్ వైపు పంపారు. అక్కడ తన దళమంతా చచ్చిపోతే, ఒక్కడే అడవిలో పడి పరుగెత్తాడు. చిమ్మచీకటి. ఉన్నట్టుండి ఎదురుగా ఏదో అడ్డం తగిలింది. తోస్తే కదలదు, పక్కకెళ్లినా అదే. అలసిపోయి కూలబడ్డాడు. కాసేపయ్యాక లేస్తే దారి దానంతటదే విడిచింది. అది నురికాబె అనే యోకై అయ్యుంటుందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. క్యూషూ దీవి తీరాన పాతకాలం నుంచీ ఒక మాట ఉంది: రాత్రిపూట నడుస్తుంటే కళ్లకి కనపడని గోడ అడ్డొస్తుంది, పైన కొట్టి లాభం లేదు, కర్రతో కింద తడిమితే పోతుంది. ఈ కర్ర సంగతి నాకు భలే నచ్చింది. అంత పెద్ద భయానికి ఇంత చిన్న ఉపాయం!

ఆ తర్వాత మలేరియాతో పడి ఉండగా విమానాలు బాంబులేస్తే ఎడమచెయ్యి పోయింది. కితారో బొమ్మలన్నీ ఒంటిచేత్తో గీసినవే.

యుద్ధం అయ్యాక బతకడానికి కామిషిబాయికి బొమ్మలు వేశాడు. సైకిల్ మీద చెక్క చట్రం పెట్టుకుని, బొమ్మల అట్టలు ఒక్కొక్కటీ లాగుతూ కథ చెప్పి పిల్లలకి మిఠాయి అమ్ముకునే ఆట అది. అక్కడ అంతకుముందే ఉన్న శ్మశానం కితారో కథని తీసుకుని, తనదైన కితారోని తయారుచేశాడు. తర్వాత అద్దె పుస్తకాలు, 1965లో వారపత్రిక. టీవీకి ఎక్కించేటప్పుడు మాత్రం శ్మశానం అన్న మాట ప్రకటనలిచ్చేవాళ్లకి నచ్చలేదు. అందుకని 'గెగెగె నో కితారో' అని పేరు మార్చారు. 1968 జనవరిలో టోయీ అనే స్టూడియో వాళ్ల యానిమే, అంటే జపాన్ కార్టూన్, బ్లాక్ అండ్ వైట్‌లో మొదలైంది. టైటిల్ పాట కూడా మిజుకే రాశాడు. దెయ్యాలకి బడీ పరీక్షల గోలా ఉండదని అందులో ఊరించాడు, మీకు నచ్చే ఉంటుంది.

అమ్మలూ, కార్టూన్‌లో ఒట్టి కన్నుగా తిరిగే కితారో వాళ్ల నాన్న, ఆ కన్ను నాన్న, కితారో పోగొట్టుకున్న కన్నేనా అని అడిగావు. కాదమ్మా. కితారో ఎడమకన్ను పసివాడిగా ఉన్నప్పుడే సమాధిరాయి తగిలి పోయింది. ఇది వాళ్ల నాన్న సొంత కన్ను. జబ్బుతో ఆయన ఒళ్లంతా కరిగిపోయింది. చచ్చిపోయిన తల్లి సమాధిలోంచి బిడ్డ ఒక్కడే పాక్కుంటూ బయటికొస్తుంటే, వాణ్ణి చూసుకునేవాళ్లు లేరని ఆ ఒక్క కన్నూ కాళ్లూ చేతులూ మొలిపించుకుని లేచింది. అంత ఘోరమైన పుట్టుకా చూపించి, ఆ నాన్న చేతే టీ గిన్నెలో వేడినీళ్లలో హాయిగా స్నానం చేయిస్తాడు మిజుకి. నేను నవ్వుతుంటే అమ్మమ్మ వింతగా చూసింది.

ఇంకో సంగతి. 1968లో కితారోకి గొంతు ఇచ్చినావిడ నొజావా మసాకో. డ్రాగన్ బాల్ అనే ఇంకో కార్టూన్ జపనీస్‌లో హీరో గోకు గొంతు కూడా ఆవిడదే. 2018లో కొత్త సిరీస్ తీసినప్పుడు అదే ఆవిడ కన్ను నాన్నకి గొంతిచ్చింది. అప్పుడు కొడుకు, యాభై ఏళ్లకి నాన్న. మీరు చూస్తున్నది ఈ కొత్తదే.

ఎవరైనా యోకై పోస్టుడబ్బాలో ఉత్తరం వేస్తే చెక్కచెప్పులు టకటకలాడించుకుంటూ కితారో వస్తాడు. చెయ్యాల్సింది చేసి వెళ్లిపోతాడు. మీరు బాగా గమనించారో లేదో, చాలాసార్లు గొడవ మొదలెట్టేది మనుషులే. ఎవడో రాయి కదిలిస్తాడు, ఎవడో అడవి కొట్టేస్తాడు. లేకపోతే డబ్బుకి ఆశపడి ఎలకమనిషి నెజుమి ఒతోకో ఇరికిస్తాడు. ఏళ్లతరబడి స్నానం చెయ్యని ఆ వెధవంటే నాకెందుకో కితారో కన్నా ఇష్టం. ఎన్ని మోసాలు చేసినా కితారో వాణ్ణి తరిమెయ్యడు. నురికాబె కూడా వీళ్ల జట్టులోనే ఉందిగా, కళ్లూ కాళ్లూ ఉన్న పెద్ద గోడలా. అడవిలో తన దారికి అడ్డం పడినదానికి మిజుకి మొహం గీసి, కితారోకి స్నేహితుణ్ణి చేశాడు.

ఆయన 2015లో 93 ఏళ్లకి పోయాడు. సకాయిమినాతోలో ఆయన పేరుతో ఉన్న వీధిలో 170కి పైగా కంచు బొమ్మలు నిలబెట్టారు, చాలావరకు యోకైలవే. రాత్రుళ్లు మేలుకుని బొమ్మలేశామని గొప్పలు చెప్పుకున్న తోటి కళాకారులు అరవైకే పోయారని, తను మాత్రం నిద్ర మానలేదని చెప్పేవాడు. మీరు పదిన్నర తర్వాత ఫోన్ పట్టుకుంటే ఈ ముక్క గుర్తు చేస్తాను.

మధ్యగది మరక మొన్నటి వానకి ఇంకో జానెడు పెరిగింది. మేస్త్రీ చూసి స్లాబ్ పగిలిందన్నాడు, వచ్చేవారం వస్తానన్నాడు. వాడి వచ్చేవారాలు మీకు తెలుసుగా. సంక్రాంతికి మీరొచ్చేసరికి అది అలాగే ఉంటే చంటిగాడి మంచం పక్కన నా చేతికర్ర పెడతాను. అది గోడకే పనిచేస్తుంది, సీలింగ్‌కి కాదు. అయినా ఉండనీ.

మీ
తాతయ్య