పావు లీటరు నెత్తురు

మూడు కిలోల పసిగుడ్డు ఒంట్లో ఉండే నెత్తురంతా కలిపితే దాదాపు 250 మిల్లీలీటర్లు. పావు లీటరు పాల ప్యాకెట్ అంత. ఐదో నెల కడుపులో ఉన్న బిడ్డకైతే చిన్న టీ గ్లాసులో సగం. ఆ కాస్త నెత్తురుకు ఒక్కోసారి తల్లి ఒంటి నుంచే ముప్పు వస్తుంది.

తల్లిది నెగటివ్ గ్రూపు, తండ్రిది పాజిటివ్ అయితే బిడ్డకు పాజిటివ్ రావచ్చు. తొలిచూలుకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. కాన్పప్పుడు బిడ్డ నెత్తురు కొంచెం తల్లిలో కలుస్తుంది. తల్లి ఒళ్లు దాన్ని పరాయిదనుకొని యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. మలిచూలులో అవి మాయ దాటిపోయి బిడ్డ ఎర్రకణాలను పగలగొడతాయి. నెత్తురు మరీ తగ్గితే బిడ్డ ఒంటికి నీరు పడుతుంది, గుండె అలసిపోతుంది.

ఇలాంటి బిడ్డకు కడుపులో ఉండగానే రక్తం ఎక్కించవచ్చని 1963లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో విలియం లైలీ అనే డాక్టర్ చేసి చూపించాడు. స్కానింగ్ లేని రోజులవి. ఉమ్మనీటిలోకి ఎక్స్‌రేలో కనబడే మందు పంపితే బిడ్డ దాన్ని మింగేది. దాంతో పేగులు కనబడేవి. ఆ గుర్తు పట్టుకొని బిడ్డ పొట్టలోకి సూది దించి రక్తం వదిలాడు. ఇప్పుడు స్కానింగ్ చూస్తూ నేరుగా బొడ్డుతాడు నరంలోకే ఎక్కిస్తున్నారు. ఈ పని తెలిసిన డాక్టర్లు కొద్దిమందే కాబట్టి అచ్చంపేట వాళ్లయినా దేవరకొండ వాళ్లయినా హైదరాబాద్ దారి పట్టాల్సిందే.

బిడ్డది పాజిటివ్ అయినా ఎక్కించేది నెగటివ్ రక్తమే, ఎక్కువగా ఓ నెగటివ్. తల్లి యాంటీబాడీలు దాన్ని ఏమీ చేయలేవు. నాకు ఇందులో బాగా ఆశ్చర్యం అనిపించే సంగతి ఇంకోటి ఉంది. నాలుగైదుసార్లు అలా ఎక్కించిన బిడ్డకు పుట్టగానే గ్రూపు చూస్తే ఓ నెగటివ్ అని రావచ్చు! ఒంట్లో తిరుగుతున్నదంతా దాతల నెత్తురే మరి. సొంత నెత్తురు తయారీ కొన్నాళ్లు మందగిస్తుంది. అందుకే ఇంటికి పంపాక కూడా రెండు మూడు నెలలు హిమోగ్లోబిన్ చూస్తుంటారు.

పుట్టాక భయం పచ్చకామెర్లది. మన దగ్గర పసిరికలంటే ఎండలో పడుకోబెట్టడం, ఆకు పసరు పోయించడం ఇంకా ఉంది. మొదటి 24 గంటల్లోనే బిడ్డ పచ్చబడితే ఒక్క పూట కూడా ఆగవద్దు. పగిలిన ఎర్రకణాల నుంచి వచ్చే పసుపు పదార్థం, బిలిరుబిన్, మెదడుకు ఎక్కితే వినికిడి పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. నీలి లైటు కింద పెట్టినా తగ్గకపోతే రక్తం మారుస్తారు. బొడ్డు నరంలో సన్న గొట్టం పెట్టి కొద్దిగా తీయడం, అంతే ఎక్కించడం. మూడు కిలోల బిడ్డకు సుమారు అర లీటరు పడుతుంది. ఒంట్లో ఉన్నదానికి రెండింతలన్నమాట. బిందెలో పసుపు నీళ్లు గ్లాసుతో తీసి, తీసినప్పుడల్లా ఒక గ్లాసు మంచినీళ్లు పోసినట్టే. అంత పోసినా నూటికి 85 వంతులే మారుతుంది.

ఇంత కష్టాన్ని రానీయకుండా ఆపగలిగే సూది 1968 నుంచి ఉంది. పేరు యాంటీ-డి. తల్లి ఒళ్లు గుర్తుపట్టకముందే లోపలికొచ్చిన బిడ్డ కణాలను అది తీసేస్తుంది. తల్లికి ఏడో నెలలో ఒకటి, పుట్టిన బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లో మరొకటి. యాంటీబాడీలు తయారయ్యాక మాత్రం పనిచేయదు.

మన ఆడవాళ్లకు జారిపోయేది ఇక్కడే. పాలమూరు నుంచి ముంబైకో పుణెకో పనికి పోయిన చోట మూడో నెలలో కడుపు పోతుంది, లేదా మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకొని తీయించుకుంటారు. దాన్ని ఎవరూ కాన్పు కింద లెక్కపెట్టరు, గ్రూపు అడగరు, సూది వేయరు. తర్వాత ఊరికి వచ్చి మళ్లీ నెల తప్పితే డాక్టర్‌కు అదే మొదటి కడుపని చెప్తారు. పోయిన కడుపులోనూ బిడ్డ నెత్తురు తల్లిలో కలిసి ఉండొచ్చు కాబట్టి తల్లి ఒంటికి మాత్రం అది మొదటిది కాదు. నెగటివ్ గ్రూపు అనగానే డాక్టర్లు తల్లి నెత్తురులో ఈ యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే ఐసీటీ పరీక్ష రాసేది, పోయిన కడుపుల గురించి గుచ్చి గుచ్చి అడిగేది ఇందుకే.