పెద్ద దేశం అండ ఉంటే చాలనుకునేవాళ్లకు

కడపలో డిగ్రీ పిల్లలకు అంతర్జాతీయ సంబంధాలు చెబుతాను. ఏ బ్యాచ్ వచ్చినా కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి.

అపోహ: ఒప్పందం ఉంది కదా, యుద్ధమొస్తే వాళ్లొచ్చి నిలబడతారు.

వాస్తవం: ఆ కాగితంలో ఏం రాసుకున్నారో ముందు చదవాలి. పాకిస్తాన్ 1954లో సీటోలో (అమెరికా ముందుండి నడిపిన ఆగ్నేయాసియా రక్షణ కూటమి), మరుసటి ఏడాది బాగ్దాద్ ఒప్పందంలో (పశ్చిమాసియాలో అలాంటి కూటమే) చేరింది. దాని కన్ను కశ్మీరు మీద. అమెరికా మాత్రం సీటోలో తన బాధ్యత కమ్యూనిస్టు దాడికే పరిమితమని సంతకం రోజే విడిగా రాయించుకుంది. ఈ ఒక్క వాక్యం బోర్డు మీద రాసి, '1965లో భారత్-పాకిస్తాన్ యుద్ధమొచ్చినప్పుడు ఏమై ఉంటుంది?' అని అడుగుతాను. వెనక బెంచీ వాళ్లు కూడా చెప్పేస్తారు. అమెరికా రెండు దేశాలకూ ఆయుధాలు ఆపేసింది. పాకిస్తాన్ చేతిలో ఉన్నవి ఎక్కువగా అమెరికావే కాబట్టి దెబ్బ దానికే గట్టిగా తగిలింది.

మనమూ అంతే. 1971 ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంలో దాడి జరిగితే వెంటనే సంప్రదించుకుంటామని ఉంది, వచ్చి యుద్ధం చేస్తామని లేదు. ఆ డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధమొచ్చినప్పుడు మనకు పనికొచ్చింది ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో తీర్మానాలను అడ్డుకుంటూ వాళ్లు వేసిన వీటోలు. అదే ఏడాది జూలైలో అమెరికా అధ్యక్షుడి భద్రతా సలహాదారు కిసింజర్, చైనాతో మాటలు కలపడానికి పాకిస్తాన్ మీదుగానే రహస్యంగా బీజింగ్ వెళ్లొచ్చాడు. అంత సాయం చేసిన పాకిస్తాన్ కోసం డిసెంబరులో అమెరికా ఎంటర్‌ప్రైజ్ అనే విమానవాహక యుద్ధనౌకను బంగాళాఖాతానికి పంపింది గానీ యుద్ధంలోకి దిగలేదు. చైనా కూడా దిగలేదు.

అపోహ: పెద్దవాళ్లు పక్షం మారితే చిన్నవాళ్ల తగాదా చల్లారుతుంది.

వాస్తవం: ఇది మా పిల్లలకు చెప్పక్కర్లేదు. ఊళ్లో ఒక వర్గం పార్టీ మారితే రెండో వర్గం ఆ ఖాళీ అయిన పార్టీలో చేరుతుంది, గట్టు తగాదా మాత్రం అలాగే ఉంటుంది. ఇథియోపియాలో ఉన్న ఒగాడెన్ ప్రాంతం తమదని సోమాలియా 1977-78లో చేసిన యుద్ధంలో సోవియట్లు సోమాలియాను వదిలి ఇథియోపియా వైపు వెళ్లారు. అంతకుముందు ఇథియోపియాకు అండగా ఉన్న అమెరికా తర్వాత సోమాలియాకు దగ్గరైంది. ఒగాడెన్ ఎవరిదన్న పేచీ తేలలేదు.

అపోహ: అవన్నీ ఢిల్లీ సంగతులు, కడపకేం సంబంధం?

వాస్తవం: కువైట్‌కు మనిషిని పంపని వీధి కడప చుట్టుపక్కల తక్కువే. ఇరాన్‌తో ఎనిమిదేళ్ల యుద్ధంలో ఇరాక్‌కు కువైట్ అప్పులిచ్చింది, అమెరికా కూడా అటే మొగ్గింది. 1990 ఆగస్టు 2న అదే ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. 1972 నుంచి ఇరాక్‌తో స్నేహ ఒప్పందం ఉన్న సోవియట్లు మర్నాడే అమెరికాతో కలిసి దాన్ని ఖండించారు. అక్కడ చిక్కుకున్న మనవాళ్లను మన ప్రభుత్వం జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి లక్ష మందికి పైగా విమానాల్లో తెచ్చింది.

మా క్లాసులో ఒకమ్మాయి జేజినాయన వాళ్లలో ఒకడు. బాగ్దాద్ మీదుగా బస్సులో అమ్మాన్ చేరాడట. సంపాదించిన కువైట్ దినార్లు జేబులోనే ఉన్నాయి, మార్చేవాడు దొరకలేదు. ఆ నోట్లు ఇప్పటికీ వాళ్లింట్లో పెట్టెలో ఉన్నాయంది.