వన్ టౌన్ పాత మిద్దెలు: కూల్చకముందే ఏం జరుగుతుంది

విజయవాడ వన్ టౌన్‌లో పాత మిద్దె పడిందంటే నింద రోడ్డు విస్తరణ మీదికో బిల్డరు మీదికో పోతుంది. నిజానికి వాళ్లొచ్చేసరికే ఆ ఇంటి పని సగం అయిపోయి ఉంటుంది.

కొండకీ కాలవకీ రైలు పట్టాలకీ మధ్య ఇరుక్కున్న పేట ఇది. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట పూర్తయి, కాలవల్లో పడవల మీద సరుకు దిగడం మొదలైంది. 1888లో మునిసిపాలిటీ, 1893లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చాయి. ఆ వ్యాపారం డబ్బుతోనే మెయిన్ బజారు చుట్టుపక్కల కింద కొట్టు, మీద కాపురంగా మిద్దెలు లేచాయి. వీధులు మాత్రం బండి పట్టేంతే.

గోడ అడుగున్నర నుంచి రెండడుగుల మందం, ఇటుకా గానుగ సున్నమూ. గోడ నుంచి గోడకి టేకు దూలాలు, వాటిమీద పలచటి ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో బిగించేవారు. ఆపైన మూడు నాలుగంగుళాల ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు పరిచి, కరక్కాయ, బెల్లం నీళ్లు చల్లుతూ చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు. ఏళ్లు గడిచేకొద్దీ పైపూత మళ్లీ వేసుకుంటూ ఉండాలి.

అక్కడే తేడా కొట్టింది. 1960 అద్దె నియంత్రణ చట్టం కిందికొచ్చిన పాత కొట్ల అద్దెలు పైపూత కూలికీ చాలేవి కావు. పైగా వారసులు పదిమంది ఉంటే ఒక్క సంతకం తక్కువైనా మరమ్మతు ఆగుతుంది. ఊరి శివారు గొల్లపూడికి టోకు వ్యాపారం తరలడంతో గోడౌన్లూ ఖాళీ అయ్యాయి.

కారే మిద్దెకి అందరూ చేసేది ఒకటే, సిమెంటు. రెండంగుళాలు పోస్తే చదరపు మీటరుకి వంద కిలోలు దాటి బరువు పెరుగుతుంది. సున్నపు గోడ తేమను పీల్చి బయటికి వదులుతుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. లోపల ఉప్పు పేరుకుని ఇటుక పొడిపొడి అవుతుంది, గోడలో దాగిన దూలం కొస కుళ్లుతుంది. పైకి గోడ నున్నగానే ఉంటుంది. తడితే డొల్ల మోత. దూలం కొసలో స్క్రూడ్రైవరు దిగిపోయిందంటే ఇక బిల్డరుతో బేరం మొదలైనట్టే.

చట్టం సాయం తక్కువ. పురాతన కట్టడాల మీద ఉన్న 1958 కేంద్ర చట్టం, 1960 రాష్ట్ర చట్టం రక్షిత కట్టడాలవి, కొట్టూ కాపురమూ ఉన్న వీధులవి కావు. హైదరాబాదులో 1995లో వారసత్వ భవనాల జాబితా తెచ్చిన నిబంధన అక్కడి నగరాభివృద్ధి సంస్థ హుడా పరిధికే పరిమితమైంది. విజయవాడలో 2016 పుష్కరాల ముందు కూల్చిన గుళ్లలో తొమ్మిదింటికి 2021 జనవరిలో మళ్లీ శంకుస్థాపన జరిగింది. గుడికైతే అడిగే జనం ఉంటారు. ఇంటికి అడగాల్సింది వారసులే, వాళ్లకేమో కొత్త బిల్డింగులో వాటా కావాలి.

రోడ్డు మార్కింగ్ పడ్డాక పోయిన స్థలానికి టీడీఆర్ బాండు, అంటే వేరేచోట అదనంగా కట్టుకునే లేదా అమ్ముకునే హక్కు, ఇస్తారు. దాని లెక్క స్థలానికే, మిగిలిన ఇంటిని నిలబెట్టే ఖర్చు అందులో ఉండదు. ముందు గోడ తీసేస్తే దూలాల ఒక కొస గాల్లో ఉన్నట్టే. అందుకే గోడ ముట్టుకోకముందే ప్రతి దూలం కింద ఊతలు పెట్టి, కొత్త హద్దులో స్తంభాలు లేపి, వాటిమీద దూలాల్ని ఆనించాలి. పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే అటువైపూ అంతే. ఇదేమీ చెయ్యకుండా జేసీబీతో లాగితే తన ఇంటితోపాటు పక్కవాళ్ల గోడా బీటలిస్తుంది. ఆ గోడ పై అంచూ బయటపడ్డ సున్నమూ మూసుకోకపోతే తర్వాతి వానలకి కూల్చివేత నోటీసు ఆ పక్కింటికి వస్తుంది.