పెద్ద మ్యాప్ ఫైళ్లు, పాత కంప్యూటర్లు: అపోహలు - వాస్తవాలు

"సార్, ఫైల్ నాలుగు జీబీ ఉంది. తెరిస్తే సిస్టమ్ హ్యాంగ్ అవుతోంది. సైజు తగ్గించేదెలా?" నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. ప్రశ్నలోనే పొరపాటుంది, పైగా అది చాలా ఖరీదైన పొరపాటు.

అపోహ: ఫైల్ సైజు తగ్గితేనే మ్యాప్ వేగంగా కదులుతుంది.

కాదు. తెర మీద ఇప్పుడు కనిపించే బొమ్మ కోసం ప్రోగ్రామ్ ఆ ఫైల్లోంచి ఎంత చదవాల్సి వస్తోంది? చూడాల్సింది అదొక్కటే. 40,000 × 40,000 పిక్సెళ్ల చిత్రం, మూడు బ్యాండ్లు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం లాంటి రంగు పొరలు), 8 బిట్, అంటే బ్యాండ్‌కు పిక్సెల్‌కు ఒక బైట్ అనుకుందాం. కంప్రెస్ చేయకపోతే 4.8 జీబీ. 1366 × 768 తెరకు పట్టేది పదిన్నర లక్షల పిక్సెళ్లే. పిరమిడ్స్ కట్టని ఫైల్లో పూర్తి చిత్రం చూడాలంటే, ఆ పదిన్నర లక్షల కోసం ఫైల్ దాదాపు మొత్తం తిరగేయాల్సి రావచ్చు. కాస్త జరిపితే మళ్లీ అదే పని. పిరమిడ్స్ అంటే అదే చిత్రానికి సగం, పావు, ఎనిమిదో వంతు వెడల్పులో ముందే చేసిపెట్టిన నకళ్లు. దూరం నుంచి చూసేటప్పుడు ప్రోగ్రామ్ చిన్న నకలే తీసుకుంటుంది. ఇవన్నీ కలిపినా అదనంగా పట్టే చోటు మూడో వంతు. డిస్క్‌లో సైజు పెరిగింది, మ్యాప్ మాత్రం చకచకా కదులుతోంది! ఇది కళ్లారా చూసేదాకా ఎవరూ నమ్మరు.

మా దగ్గర కొత్తగా చేరిన ఒకమ్మాయి డ్రోన్ చిత్రం తెరుచుకోవడం లేదని కంగారుపడి, పిక్సెల్‌కు 5 సెంటీమీటర్లున్న దాన్ని 50కి మార్చి, అదే పేరుతో సేవ్ చేసేసింది. వారం తర్వాత అందులో కాలువ గట్ల వెడల్పు కొలవాల్సి వచ్చింది. అసలు ఫైల్ లేదు, డ్రోన్ కార్డు కూడా అప్పటికే ఖాళీ చేసేశారు. "ఎవరు చెప్పారమ్మా ఇలా చేయమని?" అంటే, "అందరూ అదే అంటారు సార్" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు కోపం వచ్చింది ఆ పిల్ల మీద కాదు, తెలిసీ తెలియక ఆ సలహా ఇచ్చేవాళ్ల మీద. మళ్లీ ఎగరేయాల్సి వచ్చింది. పిరమిడ్స్ కట్టి ఉంటే కాసేపట్లో తేలిపోయే పని.

మ్యాప్‌ల పనికి వాడే ఉచిత ప్రోగ్రామ్ క్యూజీఐఎస్‌లో లేయర్ ప్రాపర్టీస్‌లోని పిరమిడ్స్ ట్యాబ్‌కు వెళ్లండి. ఎక్స్‌టర్నల్ అని ఎంచుకుంటే పక్కన .ఓవీఆర్ ఫైల్ తయారవుతుంది, అసలు ఫైల్ జోలికి పోదు. ఇంటర్నల్ ఎంచుకుంటే అసలు ఫైల్లోనే రాసేస్తుంది, ఆ ట్యాబ్ నుంచి తర్వాత తీసేయలేరు. ఇంకొక్క మాట: నకళ్లు చేసే పద్ధతి కూడా అక్కడే ఎంచుకోవాలి. ఫొటోలకు యావరేజ్ (పక్క పిక్సెళ్ల సగటు) సరే కానీ, భూవినియోగం లాంటి కోడ్‌లున్న రాస్టర్‌కు (పిక్సెళ్లతో చేసిన మ్యాప్‌కు) సగటు తీయకుండా ఉన్న విలువనే తీసుకునే నియరెస్ట్ నైబర్ లాంటిది వాడాలి. కోడ్ 2కీ కోడ్ 6కీ సగటు తీస్తే వచ్చే 4, అక్కడ లేని పొలాన్ని చూపిస్తుంది.

వెక్టర్‌లోనూ (బిందువులు, గీతలు, హద్దులుగా ఉండే డేటాలోనూ) ఇదే సూత్రం. ఏది ఎక్కడుందో చెప్పే స్పేషియల్ ఇండెక్స్ ఉంటే ప్రోగ్రామ్ తెరలో పడేవాటినే వెతికి తెస్తుంది. జియోజేసన్ అనే ఫైల్ రకానికి ఆ ఇండెక్స్ లేదు, అదంతా వట్టి టెక్స్ట్. పెద్దదైతే జియోప్యాకేజ్ అనే డేటాబేస్ ఫైల్లోకి మార్చుకోండి, క్యూజీఐఎస్ ఇండెక్స్ తానే కడుతుంది.

అపోహ: గీతల్లో బిందువులు తగ్గించే సింప్లిఫై కొడితే చాలు. రెండు సింప్లిఫైలున్నాయి. లేయర్ ప్రాపర్టీస్‌లోని రెండరింగ్ ట్యాబ్‌లోది గీసేటప్పుడు మాత్రమే గీతల్ని తేలిక చేస్తుంది, డేటా అలాగే ఉంటుంది. టూల్‌బాక్స్‌లోది హద్దుల్నే మార్చేస్తుంది. పక్కపక్క పాలిగన్ల (పొలాల్లాంటి మూసిన హద్దుల) మధ్య సందులు పడొచ్చు, ఒకదాని మీదికి ఇంకొకటి ఎక్కొచ్చు. అలాంటి డేటాతో విస్తీర్ణం లెక్కలు వేయకండి.

పాత వెక్టర్ ఫైల్ రకమైన షేప్‌ఫైలే తేలిక? అందులో ఆకారాలుండే .ఎస్‌హెచ్‌పీ గానీ, పట్టిక ఉండే .డీబీఎఫ్ గానీ 2 జీబీ దాటకూడదు. కాలమ్ పేర్లు పది అక్షరాలకు తెగిపోతాయి. అలవాటు తప్ప వేరే కారణం లేదు.

జిప్‌లో ఉంచితే వేగం? పంపడానికే జిప్. పనిచేసేటప్పుడు విప్పి, పెన్‌డ్రైవ్ మీద కాకుండా సొంత డిస్క్ మీద పెట్టుకోండి.

ర్యామ్ పెంచాలా? ముందు పిరమిడ్స్, ఇండెక్స్. అప్పటికీ డబ్బు పెట్టక తప్పదంటే పాత హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయించండి.

ప్రాజెక్ట్ తెరవగానే బిగుసుకుపోతోందని భయపడేవాళ్లు కిటికీ అడుగున కుడివైపున్న రెండర్ టిక్ తీసేయండి, గీయడం ఆగిపోతుంది. లేబుల్స్ ఆపేయండి. ప్రతి ఇంటి గీతా ఊరు మొత్తం కనిపించే స్కేలులో గీయక్కర్లేదు, కాబట్టి దగ్గరికి వెళ్లినప్పుడే ఆ లేయర్ కనిపించేలా చేసే స్కేల్ డిపెండెంట్ విజిబిలిటీ పెట్టండి. అప్పుడు టిక్ మళ్లీ పెట్టండి.