క్యారవాన్ ఏసీ మార్చేముందు పాతది ఎందుకు పోయిందో తేల్చుకోండి

మే నెలలో తిరుపతి ఎండ 42 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, రేణిగుంట రోడ్డులోనో అలిపిరి దగ్గరో నీడ లేని చోట ఆపిన క్యారవాన్ పైకప్పు రేకు 65 డిగ్రీలదాకా కాగుతుంది. ఏసీ ఉండేది ఆ రేకు మీదే. ఇంటి ఏసీ బయటి యూనిట్‌కి గోడ నీడైనా ఉంటుంది, కదలకుండా ఒకచోట ఉంటుంది, కరెంటు ఒకే లైనులో వస్తుంది. బండి మీద ఏసీకి ఇవేవీ లేవు. అందుకే అది తొందరగా పోతుంది. పోగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఏ కంపెనీది కొనాలి? అంతకంటే ముందు అడగాల్సింది, పాతది ఎందుకు పోయిందని. కారణం బండిలోనే ఉంటే కొత్తది ఎంత మంచి కంపెనీదైనా రెండు వేసవులు దాటదు.

పాత ఏసీ ఇంకా తిరుగుతూనే ఉండి చల్లదనం చాలకపోతే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. పావుగంట నడిపి, గాలి లోపలికి పీల్చుకునే జాలీ దగ్గర ఒక థర్మామీటర్, చల్లగాలి బయటికొచ్చే చోట ఇంకొకటి పెట్టండి. రెండింటి మధ్య 9 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే ఏసీ తన పని తాను చేస్తోంది. ముసురు పట్టిన రోజుల్లో గాలిలోని తేమను నీరుగా మార్చడానికే సగం శక్తి పోతుంది కాబట్టి తేడా 8కి తగ్గినా తప్పు కాదు. తేడా సరిగ్గా ఉండి కూడా బండి చల్లబడకపోతే, లోపలికి చేరే వేడి ఎక్కువగా ఉందన్నమాట. అప్పుడు డబ్బు పెట్టాల్సింది ఏసీ మీద కాదు, గోడల మీద, అద్దాల మీద.

తేడా తక్కువగా ఉంటే ఫిల్టర్ కడగండి, పై మూత తీసి, వేడిని బయటికి వదిలే కండెన్సర్ చూడండి. చిత్తూరు వైపు క్వారీ లారీలు తిరిగే రోడ్ల మీద నాలుగు నెలలు తిరిగిన బండిలో అల్యూమినియం రెక్కల సందులు దుమ్ముతో పూడిపోయి ఉంటాయి. పైన వేడి బయటికి పోకపోతే కంప్రెసర్ ఒత్తిడి పెరుగుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, చివరికి ఓవర్‌లోడ్ స్విచ్ పడి ఆగిపోతుంది. పైపుతో సన్నగా నీళ్లు పట్టి లోపలివైపు నుంచి బయటికి కడగాలి. కారు కడిగే ప్రెషర్ గన్ పెడితే రెక్కలు వంగి మొత్తానికే మూసుకుపోతాయి. తర్వాత కంప్రెసర్ మొదలవడానికి ఊతమిచ్చే కెపాసిటర్. కరెంటు తీసి, అందులో నిలవున్న చార్జిని ఖాళీ చేశాక మీటరుతో కొలవండి. మీద రాసిన మైక్రోఫారడ్ల విలువకు నూటికి ఆరు కంటే ఎక్కువ తేడా ఉంటే మార్చేయాలి. కొన్ని వందల రూపాయల ఈ భాగం ఎండకు ఎండి నీరసపడుతుంది. కంప్రెసర్ గుర్రుమని ఆగిపోతుంటే చాలామంది కంప్రెసరే కాలిందనుకుని మొత్తం యూనిట్ తీసేస్తారు.

"గ్యాస్ తగ్గింది" అనే మాటను మాత్రం ఊరికే ఒప్పుకోవద్దు. గ్యాస్ డీజిల్‌లా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. పైకప్పు యూనిట్లను ఫ్యాక్టరీలోనే మూసి అతికిస్తారు, చాలావాటికి గ్యాస్ పట్టే వాల్వు కూడా ఉండదు. లీకు పట్టుకోకుండా పట్టిన గ్యాస్ మళ్లీ పోతుంది.

ఇక చాలామంది చూడనిది, కొత్త ఏసీని కూడా చంపేది ఒకటుంది. లోపలి సీలింగ్ కవర్ నాలుగు స్క్రూలు విప్పి టార్చి వేసి చూడండి. అక్కడ ఒక అడ్డగోడ ఉంటుంది. ఒకవైపు నుంచి వేడిగాలి పైకి పోతుంది, రెండోవైపు నుంచి చల్లగాలి కిందికి వస్తుంది. ఆ అడ్డగోడకు, పైకప్పు కోత అంచుకు మధ్య వేలు దూరేంత సందు ఉందంటే, చల్లగాలి బండిలోకి దిగకుండా అక్కడికక్కడే వెనక్కి తిరిగి గాలిని చల్లబరిచే కాయిల్‌లోకి పోతోంది. థర్మోస్టాట్ దగ్గర చల్లగా తగలడంతో కంప్రెసర్ నాలుగు నిమిషాలకే ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. లేదంటే కాయిల్ మీద మంచు కడుతుంది. బండిలో మాత్రం ఉక్కపోతే. ఈ సందులను, చెక్క అంచులను, డక్ట్ నోటిని అల్యూమినియం ఫాయిల్ టేపుతో గాలి చొరకుండా మూయాలి. బట్ట టేపు, ప్యాకింగ్ టేపు వేడికి ఊడిపోతాయి. ఒక టేపు చుట్ట, గంట పని. కొత్త యూనిట్ బిగించే మెకానిక్ ఈ పని చేశాడో లేదో కవర్ మూయకముందే మీ కళ్లతో చూసుకోండి.

కంప్రెసర్లను కాల్చేది ఎక్కువగా తక్కువ వోల్టేజే. లాడ్జి వెనకాలో, కల్యాణ మండపం ఆవరణలోనో బండి ఆపి, పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి ఏసీ వేస్తారు. లెక్క చూడండి. ఒక టన్ను పైచిలుకు మామూలు ఏసీ నడిచేటప్పుడు 6, 7 ఆంపియర్లు తీసుకుంటుంది. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మాత్రం 30, 35 ఆంపియర్లు లాగుతుంది. 25 మీటర్ల వైరు 1 చదరపు మిల్లీమీటరుదైతే పోను రాను 50 మీటర్ల రాగి, అంటే 0.9 ఓమ్‌ల నిరోధం. 35 ఆంపియర్ల దగ్గర 30 వోల్టులు దారిలోనే పోతాయి. సాకెట్ దగ్గరే 205 వోల్టులుంటే కంప్రెసర్‌కి చేరేది 175. అది తిరగలేక గుంజుకుంటుంది, దాని మోటారు తీగచుట్ట వేడెక్కుతుంది. అదే 4 చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది 8 వోల్టులే. కాబట్టి కొత్త ఏసీతోపాటు 4 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల కేబుల్, 16 ఆంపియర్ల ప్లగ్గు, కరెంటు లీకైతే సరఫరా ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, డాష్‌బోర్డు దగ్గర ఒక వోల్టు మీటరు కూడా ఖర్చులో వేసుకోండి. వోల్టేజి 207 కంటే తగ్గితే ఏసీ ఆపేయాలి. కేబుల్‌ని చుట్టగా వదిలేసి వాడొద్దు. చుట్ట లోపల వేడి చేరి ప్లాస్టిక్ కరుగుతుంది.

ఇప్పుడు ఎంత టన్ను కావాలో లెక్క. లోపల నాలుగున్నర మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న క్యారవాన్‌కి గోడలు, పైకప్పు, నేల కలిపి సుమారు 42 చదరపు మీటర్లు. 25 మిల్లీమీటర్ల పఫ్ (వేడిని ఆపే ఫోమ్) పొర ఉండి, ఇనప కమ్ముల గుండా దూరే వేడిని కూడా కలుపుకుంటే, చదరపు మీటరుకు ఒక్కో డిగ్రీ తేడాకు ఒకటిన్నర వాట్లు లోపలికి వస్తాయి. బయట 42, లోపల 26 అనుకుంటే దాదాపు 1,000 వాట్లు. కాగిన పైకప్పు వల్ల అదనంగా 300. కర్టెన్ మాత్రమే ఉన్న మూడు చదరపు మీటర్ల అద్దం నుంచి 1,200. ఐదుగురు మనుషులకు 575. ఫ్రిజ్, లైట్లకు 150. తలుపు తీసినప్పుడూ సందుల్లోంచీ వచ్చే గాలికి 300. మొత్తం 3,500 వాట్లు. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూ, అంటే 3,517 వాట్లు. చదరపు మీటరుకు ఒక్కో డిగ్రీకి నాలుగు వాట్లు చొరబడేలా పఫ్ లేకుండా ఉత్త రేకు, ప్లైవుడ్ ఉన్న బండికి, కాగిన పైకప్పు వేడిని కూడా అదే నిష్పత్తిలో పెంచి ఇదే లెక్క వేస్తే 5,700 వాట్లు దాటుతుంది, అంటే టన్నూ ముప్పాతికకు కాస్త తక్కువ. అర టన్నుకు పైగా తేడా కేవలం ఒక అంగుళం పఫ్‌తో పోతోంది. అద్దాలకు బయటివైపు నుంచి వెండిరంగు కవర్ వేస్తే ఇంకో 800 వాట్లు తగ్గుతాయి. లోపలి కర్టెన్ ఆపే వేడి అద్దం దాటి లోపలికి వచ్చేసిన వేడి, బయటి కవర్ దాన్ని రాకముందే ఆపుతుంది.

ఈ లెక్కలో ఇంకో మెలిక ఉంది. డబ్బా మీద రాసిన టన్ను, బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలిచింది. దాన్ని టీ1 అంటారు. 46 డిగ్రీల దగ్గర కొలిచింది టీ3. మన వేసవికి టీ1 యూనిట్ సామర్థ్యంలో పదో వంతుకు పైగా తగ్గిపోతుంది, కరెంటు ఎక్కువ తింటుంది. అందుకే కొనేటప్పుడు రేటింగ్ ప్లేటు మీద టీ3 ఉందో లేదో, ఎన్ని డిగ్రీల దాకా పనిచేస్తుందని రాశారో చూడండి. పఫ్ ఉన్న పై బండికి టీ3 అయితే ఒక టన్ను, టీ1 అయితే 15,000 బీటీయూ తీసుకోవాలి. రెండు టన్నులు పెడదాం అనే ఆలోచన మంచిది కాదు. పెద్ద ఏసీ వెంటనే చల్లబరిచి ఆగిపోతుంది, తేమ తీయడానికి సమయం ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవన వర్షాల్లో పక్కబట్టలు చెమ్మగా, ముక్కిన వాసనతో ఉంటాయి.

రకం ఎంచుకోవడం మీ కరెంటు ఎక్కణ్నుంచి వస్తుందనే దాన్నిబట్టి ఉంటుంది. టెంపో ట్రావెలర్లలో ఉండే ఇంజిన్ బెల్టు ఏసీ నడిచేటప్పుడు బాగుంటుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ శక్తిలో కొంత లాగేస్తుంది, దర్శనానికి వెళ్లిన గంటల్లో బండి ఆపితే పనికిరాదు. ఆపిన బండికి 230 వోల్టుల పైకప్పు యూనిట్, ఇంటి ఇన్వర్టర్ స్ప్లిట్ (అవసరాన్నిబట్టి కంప్రెసర్ వేగం మారే ఏసీ), లేదా 12, 24 వోల్టుల డీసీ యూనిట్ కావాలి. విదేశాల నుంచి తెచ్చిన పాత అమెరికన్ యూనిట్ చవకగా దొరికినా వద్దు. అది 115 వోల్టులు, 60 హెర్ట్జ్‌ది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజి సరిచేసినా మన 50 హెర్ట్జ్ మీద మోటారు ఆరో వంతు నెమ్మదిగా తిరిగి, చుట్టలు వేడెక్కుతాయి.

బ్యాటరీ మీద నడపాలనుకుంటే ఆశలు కొంచెం అదుపులో పెట్టుకోవాలి. 900 వాట్లు తీసుకునే ఏసీ 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ ద్వారా 80 ఆంపియర్లు లాగుతుంది. 200 ఆంపియర్ అవర్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ మీద అది రెండు గంటలు. గది చల్లబడ్డాక 400 వాట్లకు దిగే ఇన్వర్టర్ కంప్రెసర్ అయితే నాలుగున్నర గంటలు. పైకప్పు మీద మిగిలే చోటులో పట్టే 400 వాట్ల సోలార్ ప్యానెళ్లు మంచి ఎండలో రోజుకు ఇచ్చేది 1.6 యూనిట్లు. రాత్రంతా సోలార్ మీదే ఏసీ అని అమ్మేవాళ్ల మాట నమ్మకండి. మొదలయ్యేటప్పటి కరెంటును తగ్గించే సాఫ్ట్ స్టార్టర్ లేని మామూలు కంప్రెసర్‌ని 2 కేవీఏ చిన్న జనరేటర్ మొదలుపెట్టలేదు. ఇన్వర్టర్ కంప్రెసర్‌కి ఆ ఇబ్బంది ఉండదు.

మా అభిప్రాయంలో ఈ ప్రాంతంలో తిరిగే బండికి ఒక టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఎక్కువ నమ్మకమైనది. తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలోనే డైకిన్, బ్లూస్టార్ ఏసీ ఫ్యాక్టరీలున్నాయి. సాధారణ స్ప్లిట్‌కి బోర్డు, ఫ్యాను మోటారు, సెన్సర్ దొరకడం, వాటి పని తెలిసిన మెకానిక్ దొరకడం, దిగుమతి పైకప్పు యూనిట్ విడిభాగం కోసం వారాలు చూడటం కంటే ఎంతో నయం. కానీ దాన్ని కుదుపుల కోసం తయారుచేయలేదని గుర్తుపెట్టుకోవాలి. వదులయ్యేవి గొట్టాలను కలిపే ఫ్లేర్ నట్లు, తెగేవి గొట్టాల మెడలు. రాగి గొట్టం 0.8 మిల్లీమీటర్ల మందానిది తీసుకుని, బయటి యూనిట్ దగ్గర ఒక చుట్టు వదిలి, ప్రతి 40 సెంటీమీటర్లకు రబ్బరు పట్టీతో బిగించాలి. యూనిట్ కింద రబ్బరు దిమ్మలు పెట్టాలి. గ్యాస్ వదిలే ముందు నైట్రోజన్ ఒత్తిడితో లీకు చూడాలి, తర్వాత వాక్యూమ్ పంపుతో లోపలి ఒత్తిడిని 500 మైక్రాన్ల దాకా దించాలి. ఇంట్లోలాగా గ్యాస్‌తోనే గాలి ఊదేసి వదిలేస్తే తేమ మిగిలి కంప్రెసర్ ఆయిల్ పాడవుతుంది. ఏసీలో పట్టే ఆర్-32 కొంచెం మండే గుణం ఉన్న వాయువు. 600 గ్రాములూ లీకై 14 ఘనపు మీటర్ల బండిలో కలిసినా మండే మోతాదులో ఏడో వంతే. ఆర్-290 అంటే ప్రొపేన్, 350 గ్రాములే అయినా మూడింట రెండు వంతులకు చేరుతుంది, పైగా గాలికంటే బరువు కాబట్టి నేల దగ్గర పోగవుతుంది. పొయ్యి ఉన్న బండిలో అది వద్దు.

పైకప్పు యూనిటే కావాలంటే కోత కొలత ముందు చూడాలి. కొన్నిటికి 36 సెంటీమీటర్ల చదరం, కొన్నిటికి 40. బరువు 35 నుంచి 45 కిలోలు ఉంటుంది కాబట్టి కింద ఇనప చట్రం లేకపోతే రేకు కుంగి చుట్టూ వాననీరు నిలుస్తుంది. పాత సీలెంట్ పూర్తిగా గీకి, అంగుళం మందం గాస్కెట్ అర అంగుళానికి నలిగేదాకా నాలుగు బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. ఇంకా బిగిస్తే నీరు ఆపే గుణం పోతుంది. తర్వాత నేల నుంచి ఏసీ పైదాకా ఎత్తు కొలిచి డ్రైవర్ ముందు అతికించండి. రైల్వే అండర్ బ్రిడ్జిల దగ్గర ఆ అంకె అక్కరకొస్తుంది.

జనరేటర్ పెట్టి బండిలో నిద్రపోయేవాళ్లకు ఒక్క మాట, దీనికి మినహాయింపు లేదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో ఆగి ఉన్న క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయారు. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నేలలోని రంధ్రం గుండా లోపలికి చేరింది. దానికి రంగు లేదు, వాసన లేదు. జనరేటర్ బండి నుంచి ఆరు మీటర్ల దూరంలో, గాలి వీచే దిక్కు చూసి పెట్టాలి. బండి కింద పెట్టె కట్టి అందులో నడపకూడదు. ఏసీ పైపుల కోసం, వైర్ల కోసం నేలకు, గోడకు చేసిన ప్రతి రంధ్రాన్నీ ఫోమ్‌తో మూయాలి. పడుకునే చోట కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోవాలి.

బిగించాక డబ్బు మొత్తం ఇచ్చేముందు మధ్యాహ్నం రెండు గంటలకు ఎండలో బండి ఆపి గంట నడపండి. రెండు థర్మామీటర్లు, తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ దగ్గర పెట్టుకోండి. ఉష్ణోగ్రత తేడా, ఆంపియర్లు, వోల్టేజి రాసి, బిల్లు వెనకే మెకానిక్ సంతకం తీసుకోండి. మళ్లీ ఎప్పుడైనా చల్లదనం తగ్గితే పోల్చుకోవడానికి అవే ఆధారం. వాహనాల్లో వాడితే వారంటీ వర్తించదని కొన్ని కంపెనీలు కాగితంలో రాస్తాయి, అది కొనేముందే చదవాలి. మొదటి 500 కిలోమీటర్లు తిరిగాక గాస్కెట్ బోల్టులు, ఫ్లేర్ నట్లు, వైర్ల టెర్మినల్ స్క్రూలు మళ్లీ ఒకసారి బిగించి, ఫ్లేర్ల మీద సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి.